ఇంటిపట్టున గడిచిన ఎండాకాలం

జూన్ నెలలో బడి తెరిచిన మొదటిరోజున దాదాపు ప్రతి తరగతిలోనూ ఒక ప్రశ్న వినిపిస్తుంది. "సెలవుల్లో ఎక్కడెక్కడికి పోయి వచ్చారు?" అని ఉపాధ్యాయులు అడుగుతారు. ఒకడు హైదరాబాదులో జంతుప్రదర్శనశాల చూశానంటాడు. ఒకమ్మాయి మేనమామగారింటికి పోయి బీదరు కోట చూసివచ్చానంటుంది. వెనక బెంచీలో ఒకడు మాత్రం లేచి, తల వంచుకుని, "ఎక్కడికీ పోలేదు సార్, ఇంట్లోనే ఉన్నా" అంటాడు. ఏదో తప్పు చేసినవాడిలాగా గబుక్కున కూర్చుంటాడు.

పిల్లలూ, ఆ తల వంచుకోవడం గురించే ఈ వ్యాసం. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. ఎండాకాలమంతా ఇంట్లో, పెరట్లో, అమ్మానాన్నల మధ్య గడిపినవాడు పోగొట్టుకున్నది ఏమీ లేదు. కళ్ళు తెరుచుకుని గడిపితే అంతకు మించిన విజ్ఞానయాత్ర లేదు. అయితే ఆ యాత్రకు కావలసిన సామగ్రిని, అంటే పెరటిని, చెట్టును, మట్టికుండను మనమే ఒక్కొక్కటిగా పోగొట్టుకుంటున్నాం. నా బాధంతా అదీ!

మాటవరసకు కంగ్టినే తీసుకుందాం. సంగారెడ్డి జిల్లాలో, నారాయణఖేడ్ ప్రాంతంలో, కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దులకు దగ్గరలో ఉన్న ఊరు. తెలుగు, కన్నడం, మరాఠీ మూడూ చెవిన పడే చోటు. ఇక్కడ సముద్రం లేదు, చల్లని కొండలు లేవు. ఏప్రిల్ వచ్చిందంటే చేలన్నీ బోసిపోయి, నల్లరేగడి నేల నెర్రెలిస్తుంది. ఇలాంటి చోట ఎండాకాలంలో చూడవలసింది ఏముంటుంది అంటారా? రండి, ఇంట్లోంచే మొదలుపెడదాం.

రంజన్ చేసే పని

ఇంటి మూలన రంజన్ ఉందా? అందులో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో మీ పాఠ్యపుస్తకంలోనే ఉంది. మట్టికుండకు కంటికి కనిపించని సన్నని రంధ్రాలుంటాయి. వాటిగుండా నీరు బయటికి చెమర్చి ఆవిరవుతుంది. ఆవిరి కావడానికి కావలసిన వేడిని కుండలో మిగిలిన నీటినుంచి లాక్కుంటుంది. ఇంతవరకూ అందరికీ తెలిసినదే. కాని ఎంత లాక్కుంటుందో ఎప్పుడైనా లెక్క వేశారా?

ఒక గ్రాము నీరు మామూలు వేసవి వేడిమిలో ఆవిరి కావడానికి సుమారు 580 కెలోరీల వేడి కావాలి. 10 లీటర్ల కుండలోంచి పగలంతా ఒక గ్లాసెడు, అంటే 200 గ్రాముల నీరు ఆవిరైందనుకోండి. 200ను 580తో గుణిస్తే 1,16,000 కెలోరీలు! ఆ వేడి అంతా లోపలి నీటినుంచే పోతే నీళ్ళు దాదాపు 12 డిగ్రీల సెంటీగ్రేడు చల్లబడాలి. నిజానికి అంత చల్లబడవు. ఎందుకంటే ఒకపక్క వేడి పోతూ ఉంటే, మరోపక్క చుట్టూ ఉన్న గాలినుంచి వేడి లోపలికి వస్తూనే ఉంటుంది.

అది ఎంతో మీరే కనిపెట్టండి. పొద్దున రంజన్‌నూ, ఒక స్టీలు బిందెనూ ఒకే నీళ్ళతో నింపండి. బడిలో అడిగి తెచ్చుకున్న థర్మామీటరుతో గంటగంటకూ వేడిమి రాసుకోండి. సాయంత్రం రంజన్‌లో తగ్గిన నీటిని గ్లాసుతో కొలిచి పోయండి. ఇదే కుండ కాకినాడలోనో, విశాఖపట్నంలోనో పెడితే ఇంత బాగా పనిచేయదు. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. అప్పటికే నీటి ఆవిరితో నిండిన గాలిలోకి మరింత ఆవిరి తేలికగా చేరదు. కంగ్టి ఎండాకాలపు పొడిగాలి మనల్ని ఎండగట్టే మాట నిజమే కాని, మన కుండను చల్లబరిచేది కూడా అదే!

నాయనమ్మ ఏటేటా కొత్తకుండ కావాలని ఎందుకు పట్టుబడుతుందో కూడా ఇప్పుడు చెప్పవచ్చు. నీటిలోని లవణాలు పేరుకుని పాతకుండ రంధ్రాలు పూడుకుపోతాయి. కుండ చెమర్చడం మానేస్తుంది. ఆమె పరిశీలన సరైనదే. కారణం వెతికే పని మాత్రం మీకు వదిలింది.

నీడలన్నీ ఒకటి కావు

ఇక వాకిట్లోకి రండి. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు రేకుల షెడ్డు కింద కాసేపు నిలబడండి. తర్వాత వేపచెట్టు కింద నిలబడండి. రెండూ నీడలే. రెండుచోట్లా గాలి వేడిమి కూడా ఇంచుమించు ఒకటే. మరి రేకు కింద తల వేడెక్కిపోతుంటే, చెట్టు కింద ప్రాణం కుదుటపడుతుందేం?

ఎండలో రేకు కాలిపోతుంది. కాలిన రేకు పరారుణ కిరణాల రూపంలో ఆ వేడిని కిందికి వెదజల్లుతుంది. అంటే మీరు సూర్యుణ్ణి తప్పించుకుని ఒక చిన్న కుంపటి కింద నిలబడ్డారన్నమాట. వేపాకు అట్లా కాదు. అది తన పత్రరంధ్రాలగుండా నీటిని ఆవిరిగా వదులుతూ తనను తాను చల్లబరుచుకుంటుంది. అంటే చెట్టు నిండా వేలాది పచ్చని రంజన్లు వేలాడుతున్నట్టే! నమ్మకం కలగకపోతే, పొద్దున ఆకులున్న ఒక చిన్న కొమ్మకు పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి తొడిగి మూతి బిగించి కట్టండి. మధ్యాహ్నానికి లోపల నీటిబొట్లు కనిపిస్తాయి.

వేప పాత ఆకులు రాల్చి, ఉగాది నాటికి కొత్త చిగురు తొడుగుతుంది. కాబట్టి ఎండ ముదిరేసరికి దాని నీడా చిక్కబడుతుంది. లోతుకు పోయిన వేళ్ళతో నేల అడుగునున్న తేమను పట్టుకుంటుంది కనుక, పైమట్టి బీటలు వారినా పచ్చగానే ఉంటుంది.

ఇంకో పరీక్ష. రాత్రి తొమ్మిదింటికి సిమెంటు చేసిన వాకిలిమీద అరచెయ్యి ఆనించండి. తర్వాత చెట్టు కింది మట్టిమీద ఆనించండి. పగలంతా ఎండను మింగిన సిమెంటు రాత్రంతా దాన్ని కక్కుతూ ఉంటుంది. మనం నులకమంచం వేసుకుని చుక్కలు చూడవలసిన సమయంలో మనకు కింది నుంచి సెగ పెడుతుంది. పైగా తొలకరి వాన పడితే మట్టివాకిలి తాగుతుంది. సిమెంటు వాకిలి వీధిలోకి వదిలేస్తుంది.

అందుకే అంటున్నాను. "ఆకులు రాలి చెత్త అవుతోంది, చెట్టు కొట్టించి వాకిలంతా సిమెంటు చేయిద్దాం" అనే మాట మీ ఇంట్లో వస్తే, మీరు ఊరుకోకూడదు. మారాం చేయకండి. రెండు చేతులూ రెండుచోట్ల పెట్టించి చూపించండి.

నీడ మాయమయ్యే రోజు

ఇంటి ముంగిట్లోనే చూడగలిగిన ఒక అద్భుతం ఉంది. కంగ్టి భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 18 డిగ్రీల అక్షాంశంమీద ఉంది. మే నెల 12, 13 తేదీల ప్రాంతంలో సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. నిటారుగా పాతిన కర్రకు ఆ క్షణాన నీడ ఉండదు. జూలై ఆఖరున మళ్ళీ ఇలాగే జరుగుతుంది కాని, అప్పుడు తరచు మబ్బులు అడ్డం వస్తాయి. కాబట్టి ఇది ఎండాకాలం సెలవుల్లో ఇంట్లో ఉన్నవాడికి దక్కే కానుక.

అయితే గడియారంలో పన్నెండు కొట్టగానే పరుగెత్తకండి. మన దేశపు గడియారాలన్నీ కాకినాడ దగ్గరగా పోయే 82½ డిగ్రీల రేఖాంశాన్ని అనుసరించి నడుస్తాయి. కంగ్టి దానికి దాదాపు 5 డిగ్రీలు పడమర. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున మనకు సూర్యుడు 19 నిమిషాలు ఆలస్యంగా నడినెత్తికి రావాలి. మే నెలలో సూర్యుడు గడియారం కంటే సుమారు 4 నిమిషాలు ముందుంటాడు గనుక అది తీసేయండి. అంటే పన్నెండుంబావు ప్రాంతంలో చూడాలి. మే 8 నుంచి వారం పదిరోజులు రోజూ ఆ వేళకు నీడ పొడవు కొలిచి రాసుకోండి. నెత్తిన తువ్వాలు కప్పుకుని, ఒక్క నిమిషంలో పని ముగించి లోపలికి రండి. సూర్యుణ్ణి మాత్రం నేరుగా చూడవద్దు.

ఈజిప్టులోని ఎరటోస్తనీసుకు సుమారు 2,200 సంవత్సరాల కిందట ఇటువంటి నీడే ఆధారమైంది. సయీన్ అనే ఊళ్ళో నడినెత్తిన ఉన్న సూర్యుడు, అదేరోజున అలెగ్జాండ్రియాలో నడినెత్తినుంచి వృత్తంలో 50వ వంతు పక్కకు ఉన్నాడు. అయితే ఈ రెండు ఊళ్ళ మధ్య దూరానికి 50 రెట్లు భూమి చుట్టుకొలత! ఆయన భూమి చుట్టూ తిరగలేదు. నీడ కొలిచాడు, అంతే.

ఇంట్లోనే ఉన్న డార్విన్

"ఇంట్లో ఉంటే శాస్త్రజ్ఞులవుతారా?" అని మీరు అడగవచ్చు. డార్విన్ 1831 నుంచి 1836 దాకా ఓడలో లోకమంతా చుట్టాడు. అది అందరికీ తెలుసు. కాని 1842లో డౌన్ అనే పల్లెలో ఇల్లు తీసుకున్నాక, 1882లో చనిపోయేదాకా నలభై ఏళ్ళు ఎక్కువగా ఇంటిపట్టునే ఉన్నాడు. లోకం చూసింది ఐదేళ్ళు, పెరడు చూసింది నలభై ఏళ్ళు! తుమ్మెదలు ఏ దారిన ఎగురుతున్నాయో కనిపెట్టడానికి తన పిల్లలను తోటలో అక్కడక్కడా నిలబెట్టాడు. వానపాములకు చెవులున్నాయో లేదో తెలుసుకోవడానికి వాటి ముందు ఈల ఊదించాడు, వాద్యాలు వాయించాడు. అవి లెక్కచేయలేదు. వాటి కుండీని పియానో మీద పెట్టి మీట నొక్కితే మాత్రం, ఆ అదురుకు చటుక్కున కన్నాల్లో దూరాయి. ఆ వానపాముల పుస్తకం 1881లో వచ్చింది. అది పెరటి మట్టిలోంచి పుట్టిన పుస్తకం.

మీ ఇంట్లో పియానో లేకపోతేనేం, మామిడికాయ తొక్కు ఉంది. అమ్మ ముక్కలు తుడిచి ఆరబెట్టేటప్పుడు పక్కన కూర్చోండి. తడి గరిటె ఎందుకు ముట్టనివ్వదు? అంత ఉప్పు ఎందుకు? పైన నూనె ఎందుకు తేలాలి? ఉప్పు ద్రవాభిసరణం వల్ల సూక్ష్మజీవుల్లోని నీటిని బయటికి లాగేసి వాటిని పెరగనివ్వదు. నూనె గాలిని అడ్డుకుని బూజు పట్టనివ్వదు. తడి తగిలితే ఆ ఏర్పాటంతా పలచబడుతుంది. అడగండి, ముక్కలు కోయడంలో సాయం చేయండి, రుచి చూడండి. ఈ మూడూ కలిస్తేనే చదువు.

పెద్దలు చెప్పిందల్లా నిజమనుకోమని మాత్రం నేననను. జేబులో ఉల్లిగడ్డ పెట్టుకుంటే వడదెబ్బ తగలదని మన ఊళ్ళలో చాలామంది నమ్ముతారు. ఉల్లిగడ్డ జేబులో ఉంటే ఒంటివేడి తగ్గదు. నీడ, నీళ్ళు, ఉప్పు వేసిన మజ్జిగ, మధ్యాహ్నం విశ్రాంతి, ఇవే కాపాడతాయి. ఇది నవ్వుకుని వదిలేసే సంగతి కాదు. 2015 ఎండాకాలపు వడగాలులకు తెలుగు రాష్ట్రాలు రెండింటిలో కలిపి రెండువేలమందికి పైగా చనిపోయారు. ఉల్లిగడ్డను నమ్ముకుని నడిఎండలో పనికి పోయే తాతయ్యను ఆపగలిగితే, మీ చదువుకు అంతకన్న సార్థకత ఏముంది?

ఒక మాట ఒప్పుకోవాలి

ఎండాకాలం అందరికీ సంతోషం కాదు. బోరు ఎండిపోయి నీళ్ళకోసం బిందెలు మోసే ఇల్లుంది. ఎండలో కూలికి పోకపోతే గడవని ఇల్లుంది. వాళ్ళతో "కుండ నీళ్ళు తాగి ఆనందించండి" అనడం నా ఉద్దేశం కాదు. ఫ్రిజ్, కూలరు చెడ్డవనీ నేననను. ఇన్సులిన్ వంటి మందులు ఫ్రిజ్‌లోనే ఉండాలి. కాని అవి కొనలేని ఇంటికి చెట్టునీడా, మట్టినేలా, కుండనీరూ విలాసాలు కావు, రక్షణ కవచాలు. ఉన్న ఒక్క చెట్టునూ కొట్టేస్తే ముందుగా నష్టపోయేది ఆ ఇల్లే.

ఇంకొకటి. ఈ ప్రాంతం నుంచి చెరకు నరకడానికీ, కూలిపనులకూ దూరం పోయే కుటుంబాలున్నాయి. అవ్వాతాతల దగ్గర ఉండి చదువుకునే పిల్లలున్నారు. చెరకు పని ముగిసి అమ్మానాన్నలు తిరిగివచ్చిన ఎండాకాలంలో, అందరూ వాకిట్లో కూర్చుని జొన్నరొట్టె, పచ్చిపులుసు తింటే, అంతకంటే గొప్ప యాత్ర ఆ పిల్లవాడికి ఎవరు చూపించగలరు? అతను తల వంచుకోవలసిన పనేముంది?

కాబట్టి ఈసారి ఒక వంద పేజీల నోటుపుస్తకం కుట్టుకోండి. రంజన్ వేడిమి, కర్ర నీడ, నేలలో నెర్రెల లోతు, పొద్దున్నే మొదట కూసిన పిట్ట, మల్లెమొగ్గ విచ్చిన వేళ, అన్నీ తేదీ వేసి రాయండి. పిట్టలకు చెట్టు కింద మూకుట్లో నీళ్ళు పెట్టండి. దోమలు గుడ్లు పెట్టకుండా ఆ నీళ్ళు రోజూ పారబోసి మార్చండి. జూన్‌లో మీ సారు అడిగినప్పుడు లేచి నిలబడి, "ఇంట్లోనే ఉన్నాను సార్" అని గట్టిగా చెప్పి, ఆ పుస్తకం ఆయన చేతికివ్వండి. అందులో ఏముందో ఆయనకూ తెలియదు. అది ఎక్కడా అచ్చుకాలేదు మరి!