స్లైడులో కనపడకపోతే జబ్బు లేనట్టేనా?

గాడిదకు జ్వరం వస్తుంది, కళ్లు పాలిపోతాయి, కాళ్లకూ పొట్ట కిందా నీరు దిగుతుంది. ఆసుపత్రికి తోలుకుపోతే ఒక స్లైడు చూసి "ఏమీ లేదు" అని పంపేస్తారు. ఆ మాటను మేము ఒప్పుకోం.

ఈ లక్షణాలకు ముఖ్యంగా రెండు రక్త పరాన్నజీవి జబ్బులు కారణం కావచ్చు. జోరీగలు మోసుకొచ్చే సర్రా ఒకటి. పిడుదులు అంటించే థైలేరియా, బబీసియా జబ్బు రెండోది. పైకి రెండూ ఒకటిగానే ఉంటాయి, మందులు మాత్రం వేరు. సర్రాకు క్వినాపైరమిన్, రెండోదానికి ఇమిడోకార్బ్. ఇమిడోకార్బ్ మోతాదు మించితే గాడిద ప్రాణానికే ముప్పు. పరీక్ష లేకుండా సూది వేయడమంటే గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

ఏ పరీక్ష ఎంతవరకు పనికొస్తుందో మనమూ తెలుసుకోవాలి. స్లైడు చౌక, అక్కడికక్కడే తేలుతుంది. అయితే రక్తంలో క్రిములు దండిగా ఉంటేనే కనపడతాయి. గాడిదలో సర్రా తరచుగా లోలోపలే సాగుతుంది కాబట్టి స్లైడుకు చిక్కదు. రక్తాన్ని సన్న గాజు గొట్టంలో తీసుకుని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి చూస్తే సర్రా క్రిమి దొరికే అవకాశం పెరుగుతుంది. ఎలీసా పట్టుకునేది క్రిమిని కాదు, ప్రతిరక్షకాలను. మందలో జబ్బు తిరిగిందా లేదా తేల్చడానికి అది మంచిది. కానీ మందు పడి నయమైన జంతువుకూ నెలల తరబడి పాజిటివ్ చూపవచ్చు. పీసీఆర్ స్లైడు వదిలేసిన క్రిమినీ పట్టుకోగలదు, కాకపోతే దానికి ల్యాబు కావాలి, డబ్బు కావాలి. ఏ ఒక్కటీ చాలదు. అవసరాన్ని బట్టి జత చేయాలి.

పరికరాలు లేవని సాకు చెబుతారు. సర్రా క్రిమిని గ్రిఫిత్ ఇవాన్స్ 1880లోనే డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో మైక్రోస్కోపుతో కనిపెట్టాడు. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం తయారుచేసిన సర్రా ఎలీసా కిట్‌ను 2022 జూన్‌లో కేంద్ర వ్యవసాయ మంత్రే విడుదల చేశారు. ఆ కిట్ మన జిల్లా ల్యాబుల్లో ఎన్నింటిలో ఉందో సర్కారు చెప్పాలి.

గాడిదల గొడవ రైతుకెందుకని కొందరు అడుగుతారు. జోరీగకు గాడిద, గేదె తేడా లేదు. సర్రా గేదెలకూ ఆవులకూ సోకుతుంది. 2004లో చంద్రపూర్ జిల్లాలో ఒక రైతుకే ఈ క్రిమి సోకినట్టు తేలింది. ఆసిఫాబాద్ జిల్లా పొలిమేర దాటితే చంద్రపూరే. పైగా 2012లో దేశంలో 3.2 లక్షలున్న గాడిదలు 2019 పశుగణన నాటికి 1.2 లక్షలకు పడిపోయాయి. మిగిలినవి రజకుల, ఇటుక బట్టీ కూలీల బతుకుదెరువు. వాళ్లూ మన శ్రమజీవులే.

అందుకే డిమాండ్ చేస్తున్నాం:

1. ప్రతి మండల పశువుల ఆసుపత్రిలో పనిచేసే మైక్రోస్కోపు, జీమ్సా రంగు, సెంట్రిఫ్యూజ్ ఉండాలి.

2. స్లైడులో దొరకకపోయినా లక్షణాలు ఉంటే రక్తాన్ని ఉచితంగా జిల్లా ల్యాబుకు పంపి, వారంలో ఫలితం రాతపూర్వకంగా ఇవ్వాలి.

3. వానాకాలం ముందూ తర్వాతా గాడిదల మందల్లో ఎలీసా సర్వే జరపాలి.

గ్రామ కమిటీలు ఈ నెలలోనే తీర్మానాలు చేసి పశుసంవర్ధక శాఖకు అందజేయాలి. ఇకమీదట ఎవరైనా "ఏమీ లేదు" అంటే, "ఏ పరీక్షలో లేదు?" అని నిలదీద్దాం.