అదే శాసనసభ

శాసనసభ, మంత్రివర్గం, న్యాయస్థానం దేనికది వేరని, ఒకదాన్నొకటి అదుపులో ఉంచుతాయని శిక్షణా తరగతుల్లో చెబుతుంటాం. నల్లచెరువు లాంటి మండలంలో స్త్రీలకు ప్రభుత్వమంటే తహశీల్దారు ఆఫీసు, పోలీస్ స్టేషన్. వాళ్లకిది ఎలా చెప్పాలి? మద్యనిషేధం కథ చెబితే చాలు.

నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో రాజేసిన ఉద్యమానికి తలొగ్గి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాని నిషేధించారు. 1995లో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ నిషేధ చట్టం తెచ్చింది. మద్యం కంపెనీలు కోర్టుకెక్కాయి. అలాంటి చట్టం చేసే అధికారం శాసనసభకు ఉందని 1996లో మెక్‌డొవెల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కోర్టులో గెలిచాం. మరి ఓడిందెక్కడ? శాసనసభలోనే! 1994లో ఎన్నికైన అదే సభ, అదే పార్టీ మెజారిటీతో, 1997లో సారా తప్ప తక్కిన మద్యానికి తలుపులు తెరిచింది. ఖజానాకు రాబడి కావాలన్నది మంత్రివర్గం, చేతులెత్తింది సభ్యులు.

మంత్రివర్గం సభకు జవాబుదారీ అని రాజ్యాంగం 164వ అధికరణం అంటుంది. కానీ సభలో మెజారిటీ ఉన్నవాళ్లదే మంత్రివర్గం. 1985 ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక విప్ దాటితే సభ్యత్వానికే ఎసరు. ఇక మంత్రులను నిలదీసేదెవరు? పోనీ, కోర్టుకు వెళదామా అంటే మద్యనిషేధం గురించి చెప్పే 47వ అధికరణం ఆదేశిక సూత్రమాయె. కోర్టు ద్వారా అమలు చేయించుకునే వీల్లేదు.

విప్‌ను విశ్వాస, అవిశ్వాస తీర్మానాలకే పరిమితం చేయాలని నా వాదన. అప్పుడు కదిరి ఎమ్మెల్యే 'పార్టీ చెప్పింది' అని తప్పించుకోలేరు. సభలో చెయ్యెందుకెత్తారో నల్లచెరువుకు వచ్చి చెప్పాల్సివస్తుంది.