కారు పాలిషు పనివాడు నైపుణ్యం గల కార్మికుడే

కలకత్తాకు తూర్పున వున్న సాల్ట్ లేక్, అధికారిక నామం ప్రకారం బిధాన్‌నగర్, ఒకనాడు ఉప్పునీటి చిత్తడి నేల. హుగ్లీ నది ఒండ్రును గొట్టాల ద్వారా తెచ్చి ఆ పల్లాన్ని పూడ్చే పని డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ ముఖ్యమంత్రిగా వుండగా 1962లో ప్రారంభమైనది. నగర ప్రణాళికను యుగోస్లావియాకు చెందిన దొబ్రివోయె తోష్కోవిచ్ రూపొందించాడు. నేడు అక్కడ ప్రభుత్వ కార్యాలయాలు, ఉద్యోగుల నివాసాలు, అయిదవ సెక్టారులో కంప్యూటరు కంపెనీలు, వాటి ముందు బారులు తీరిన కార్లు కనిపిస్తాయి. కార్లు వున్న చోటనే వాటిని కడిగి మెరుగుపెట్టే చిన్న దుకాణాలు కూడా వెలుస్తాయి.

ఆ దుకాణంలో పాలిషింగ్ మిషను పట్టిన మనిషికి పేరేమి? "కుర్రవాడు", మహా అయితే "హెల్పరు". జీతాల చిట్టాలో, అసలు చిట్టా అనేది వున్న యెడల, అతడు నైపుణ్యం లేని కూలీ. ఇది వాస్తవానికి విరుద్ధమనీ, ఈ అవాస్తవం వల్ల అతని కూలీ, అతని చేతులు రెండూ నష్టపోతున్నవనీ నా అభిప్రాయం.

రైల్వే వర్క్‌షాపులలో పెయింటరు ఒక గుర్తింపు పొందిన ట్రేడు. తపాలా శాఖలోని మెయిల్ మోటార్ సర్వీసులో మెకానిక్, ఎలక్ట్రీషియన్లతో పాటు పెయింటరును కూడా స్కిల్డ్ ఆర్టిజన్‌గానే నియమిస్తారు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో తరతరాలుగా పనిచేసిన తెలుగు కుటుంబాలకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. రేకుపై రంగు వేయడం విద్య అయినప్పుడు, వేసిన రంగును చెడగొట్టకుండా దాని పైపొరను సానపట్టడం విద్య ఎందుకు కాదు?

ఆ పని ఎంత సున్నితమైనదో చూడండి. ఈనాటి కారు రేకుపై తుప్పు పట్టకుండా ఒక పొర, దానిపై ప్రైమరు, దానిపై రంగు, అన్నింటికీ పైన రంగులేని క్లియర్ కోట్ వుంటాయి. అన్నీ కలిపినా సుమారు 100 నుండి 150 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో పదవ వంతుకు కొంచెం ఎక్కువ. అందులో క్లియర్ కోట్ వాటా సాధారణంగా 35 నుండి 50 మైక్రాన్లు మాత్రమే. పాలిషుతో గీత పోయినదంటే గీత పూడినదని కాదు; గీత లోతు వరకు దాని చుట్టూ వున్న పొరను అరగదీశారని అర్థం. మన భాషలో చెప్పాలంటే క్లియర్ కోట్ ఒక ప్రావిడెంట్ ఫండు. ప్రతి కాంపౌండు పాలిషూ అందులో నుండి ఒక విత్‌డ్రాయల్. కొత్తగా జమ ఏనాడూ పడదు. చివర పూసే సీలెంటు కూడా జమ కాదు. మిగిలినదానిని కొన్ని నెలలపాటు ఎండకు, వానకు, పక్షి రెట్టలకు అందకుండా కాపాడే తాళం మాత్రమే.

పాత కాలపు అంబాసిడర్ కారును రుద్దినప్పుడు గుడ్డకు రంగు అంటేది. చేయి ఆపవలసిన సమయం అదే చెప్పేది. క్లియర్ కోట్‌కు రంగు లేదు కాబట్టి అటువంటి హెచ్చరిక రాదు. పొర పూర్తిగా పోయిన తరువాత గాని పోయినట్లు తెలియదు. తెలిసిన తరువాత మళ్ళీ రంగు వేయడం తప్ప మార్గం లేదు.

కనుక తెలిసిన పనివాడు మొదటే మిషను ఎత్తడు. కారును శుభ్రంగా కడిగి, నీటికి పోని మురికిని క్లే అనే మెత్తని ముద్దతో లాగివేస్తాడు. రేకు చల్లబడే వరకు నీడలో వుంచుతాడు. దీపం వెలుగులో గీతలను పరిశీలించి, రంగు పలుచగా వుండే అంచులకు, మడతలకు టేపు అంటిస్తాడు. అన్నింటికంటె మెత్తని మందును, మెత్తని స్పాంజి ప్యాడును ముందుగా ఒక మూల పరీక్షించి, అది చాలని పక్షంలోనే గట్టి కాంపౌండు జోలికి పోతాడు. ఒకసారికి రెండడుగుల చదరమే తీసుకుంటాడు. ప్యాడును రేకుపై సమంగా ఆనించి, ఒక వరుసపై సగం వరకు రెండవ వరుస పడేలా మిషనును కదుపుతూనే వుంటాడు. రోటరీ మిషను ఒకే ఇరుసుపై తిరుగుతుంది. అంచు మీద కొద్ది క్షణాలు నిలిచినదంటే చాలు, వేడికి రంగు కాలిపోతుంది. డ్యూయల్ యాక్షన్ మిషను తిరుగుతూ ఊగుతుంది కాబట్టి ప్రమాదం తక్కువ, అయితే కాలం ఎక్కువ పడుతుంది. ఆ కాలానికి కూలీ ఎవరు ఇస్తారన్నదే ప్రశ్న.

పాలిషులోని నూనె సన్నని గీతలను తాత్కాలికంగా కప్పివేస్తుంది. నిజాయితీ గల పనివాడు ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో ఆ నూనెను తుడిచి, తన పనిని తానే పరీక్షించుకుంటాడు. నూనె వున్న చోట సీలెంటు కూడా సరిగా అంటుకోదు. సీలెంటును మెత్తని ప్యాడుతో, తక్కువ వేగంతో, వీలైనంత పలుచగా పరుస్తాడు. దళసరిగా పూసినందువల్ల చారలు తప్ప అదనపు లాభం లేదు. బెంగాలు వర్షాకాలపు తేమలో అది ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది. ఆరిన తరువాత మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, సీసాపై వ్రాసిన గడువు ముగిసే వరకు నీరు తగలనివ్వకూడదు. ఇన్ని నిర్ణయాలు తీసుకునే మనిషి నైపుణ్యం లేనివాడట!

ఇక అతని శరీరం సంగతి. రోజంతా వంగి నిలబడి, అదిరే యంత్రాన్ని రెండు చేతులతో అదిమి పట్టుకోవాలి. అటువంటి అదురు సంవత్సరాల తరబడి సాగితే వేళ్ళు తిమ్మిరెక్కి తెల్లబడే వ్యాధి వస్తుంది. యూరోపియన్ యూనియన్ 2002లోనే చేతికి తగిలే అదురుపై 8 గంటల పనిదినానికి పరిమితులు విధించినది. సెకను వర్గానికి 2.5 మీటర్లు దాటితే యజమాని చర్య తీసుకోవాలి. 5 మీటర్లు దాటరాదు. దీనికి తోడు ముక్కులోకి పోయే పొడి, సాల్వెంట్ల వాసన, తడి నేలపై కరెంటు తీగ.

చట్టం ఏమి చేస్తున్నది? 1948 ఫ్యాక్టరీల చట్టం విద్యుత్తు వాడే చోట 10 మంది వుంటే వర్తించేది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ ఫ్యాక్టరీ నిర్వచనంలో ఆ సంఖ్యను 20కి పెంచినది. నలుగురైదుగురు పనిచేసే దుకాణం అప్పుడూ బయటే, ఇప్పుడూ బయటే. అయితే అదే రోజున అమలులోకి వచ్చిన 2019 నాటి వేతనాల కోడ్ కనీస వేతన హక్కును షెడ్యూలు పరిశ్రమలకే పరిమితం చేయలేదు. వేతనం నిర్ణయించేటప్పుడు నైపుణ్యపు తరగతిని పరిగణించాలని కూడా అది చెబుతున్నది. మన విమర్శలు ఆ కోడ్‌లపై ఎన్ని వున్నా, ఈ ఒక్క వాక్యాన్ని ఈ కార్మికుని కోసం వాడుకోకపోవడం తెలివితక్కువ పని.

ఈ విషయంలో మనమూ తటస్థులం కాము. బ్యాంకు అప్పుతో కారు కొన్నవారు మనలో అనేకులు వున్నారు. కరువు భత్యం ఒక్క శాతం తగ్గితే గేటు మీటింగు పెట్టే మనమే, దుకాణంలో "రెండు గంటలలో మెరిసిపోవాలి, రేటు తగ్గించు" అని బేరమాడుతున్నాము. రెండు గంటలలో మెరిపించాలంటే అతడు రోటరీ మిషను, గట్టి కాంపౌండు పట్టాలి, టేపు మానాలి, ఆల్కహాలు తుడుపు మానాలి. ఆ విధంగా మన ఫండులోని పొర తరిగిపోతుంది, అతని వేళ్ళూ అరిగిపోతాయి. ఏటేటా కాంపౌండు పట్టించుకోవడం కూడా అనవసరం. గీతలు లేని యెడల మంచి కడుగుడు, పలుచని సీలెంటు చాలు.

పూర్వానుభవాన్ని పరీక్షించి సర్టిఫికెట్టు ఇచ్చే ఏర్పాటు ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో 2015 నుండి వున్నది. సాల్ట్ లేక్ వంటి చోట్ల ఈ పనివారిని ఆ పరీక్షకు తీసుకుపోవడానికి, దరఖాస్తు నింపడానికి, పేరు ఎదుట "స్కిల్డ్" అని వ్రాయించడానికి ఎవరో ఒకరు పూనుకోవాలి. హౌరా, లిలువా, కాంచ్రాపారాలలో పదవీ విరమణ చేసిన పెయింటరు సోదరులు నెలకు ఒక ఆదివారం ఇవ్వగలిగితే, ఈ పనిని వారికంటె బాగా చేయగలవారు లేరు.