చంటిపిల్లకి టిక్కెట్టు లేదట!

మా కొండాపురం వైపంతా మెట్ట. వానకోసం ఆకాశంకేసి చూసి చూసి మెడలు పట్టేసినవాళ్ళం. అందుకే నిండు నీళ్ళు కనిపిస్తే ఒళ్ళు తెలియదు. కార్తీక మాసమో, సెలవులో రాగానే పిల్లల్ని వెంటేసుకుని పడవెక్కాల్సిందే! ఎక్కండి, కాదన్నదెవరు? నా దెబ్బలాటంతా ఆ టిక్కెట్టు దగ్గరే.

"చంటిపిల్లకి టిక్కెట్టెందుకమ్మా" అంటాడు పడవవాడు. డబ్బు మిగిలిందని మనం పొంగిపోతాం. టిక్కెట్టు లేని పిల్ల పడవ లెక్కలోకి రాదు. లెక్కలో లేని పిల్లకి లైఫ్ జాకెట్టూ ఉండదు. నీళ్ళు మాత్రం టిక్కెట్టు చూసి ముంచుతాయా?

2017 నవంబరు 12, కార్తీక ఆదివారం. ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమంలో అనుమతి లేని పడవ తిరగబడి 22 మంది పోయారు. ఎక్కువమంది మన పొరుగు ఒంగోలు వాళ్ళే. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన బోటు కచ్చులూరు దగ్గర మునిగి 50 మందికి పైగా గోదావరి పాలయ్యారు. అవంటే పెద్ద నదులంటారా? 2023 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే, తోడేరు చెరువులో సరదాగా పడవెక్కిన పదిమందిలో ఆరుగురు తిరిగి రాలేదు. చెరువమ్మా, చెరువు!

"ఏదో ఒక జాకెట్టు తొడిగారుగా" అని సరిపెట్టుకుంటాం. మన జాకెట్టు భుజం దగ్గర కాస్త వదులైతే టైలరుకి రెండుసార్లు తిప్పి పంపుతామే! పెద్దవాళ్ళ లైఫ్ జాకెట్టు తొడిగిన పిల్ల నీళ్ళలో పడితే జాకెట్టు పైకి తేలుతుంది, పిల్ల కిందికి జారిపోతుంది. పసివాళ్ళకి తల బరువెక్కువ. తల వెనక మెత్తా, కాళ్ళ మధ్యనుంచి పట్టీ ఉన్న పిల్లల జాకెట్టే కావాలి. బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం, చెవులు దాటి పైకొచ్చేస్తే పనికిరాదు.

"నా ఒళ్ళో ఉందిలే" అనే తల్లులతో మరీ తంటా. పడవ ఒరిగితే మన చేతులు దేన్నో ఒకదాన్ని పట్టుకోబోతాయి. ఆ క్షణాన ఒడి ఎక్కడుంటుంది?

రేవులోనే అడగండి: "ఎంతమందిని ఎక్కిస్తావు? పిల్లల్ని కలిపి చెప్పు. పిల్లల జాకెట్టు చూపించు." పడవవాడు విసుక్కుంటాడు. "నలుగురిలో ఈ రభసేమిటే" అని మీవారు అటు తిరిగి నిలబడతారు. నిలబడనివ్వండి. జాకెట్టు లేదన్నాడో, గట్టుమీదే చాప పరిచి పులిహోర పొట్లాలు విప్పండి.