ప్లేటు మీద సంఘం పేరెందుకు?

నంబరు ప్లేటు మీద అంటించుకోవడానికి సంఘం పేరుతో స్టిక్కర్లు అచ్చేసి ఇమ్మని మన కుర్రాళ్లు మళ్లీ అడుగుతున్నారు. ఇవ్వం. కోపాలొస్తే రానీండి, ఎందుకో చెప్తాం.

ప్లేటు మన ఇంటి గోడ కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 50, 51 చదవండి. ఇంగ్లీషు అక్షరాలు, మామూలు అంకెలు, అంతే. కారుకైతే వాటి ఎత్తు 65 మిల్లీమీటర్లు. తెలుగు అంకెలు చెల్లవు, కన్నడ అంకెలూ చెల్లవు. పావగడలో ఈ రెండు భాషల పంచాయితీ ఇంకెక్కడైనా పెట్టుకోండి, ప్లేటు మీద వద్దు. కులం పేరు, హీరో పేరు, 8055ని 'బాస్' అని కనపడేట్టు వంకర్లు తిప్పడం, అన్నీ తప్పే. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకు హై సెక్యూరిటీ ప్లేటే వస్తోంది. దాన్ని పీకి డబ్బులిచ్చి మరీ దొంగ ప్లేటు వేయించుకునేవాళ్లను ఏమనాలి?

అమెరికాలో మనోళ్లు పేరే ప్లేటు మీద వేయించుకుంటారని ఫోటోలు పంపుతున్నారు. అక్కడ చట్టం ఒప్పుకుంది. అక్కడైనా దరఖాస్తు పెట్టాలి, బూతు మాటైతే తిప్పి కొడతారు. ఇక్కడ మనం కోరుకోగలిగింది చివరి నాలుగు అంకెలే. మధుగిరి కేఏ 64 తర్వాత ఏ అక్షరాలు నడుస్తుంటే అవే. నచ్చిన నంబరుకు ఫీజు కట్టాలి, పోటీ ఉంటే వేలం. కట్టుకోండి, మేం వద్దనం. తిరుమణి పక్క సోలారుకు ఎకరాకు ఏడాదికి 21,000తో మొదలైన కౌలు, అందులోంచి నంబరుకు పోస్తే పోయండి, మీ డబ్బు. కానీ శనిమహాత్ముడి గుడి ముందు బండికి పూజ చేయించి, కూడితే 8 వస్తుందని ఆ నంబరు వద్దనడమేంది? ఆయన ఊళ్లో ఉంటూ ఆయన అంకెకే భయమా!

సరే, అది నవ్వుకునే సంగతి. ఇది కాదు. చీకట్లో కూలి పని నుంచి నడిచొస్తున్న మనిషిని ఒక బండి గుద్ది పోయిందనుకోండి. నంబరు దొరికితే ట్రిబ్యునల్‌కు పోవచ్చు, వయసు, సంపాదన లెక్కగట్టి ఇన్సూరెన్సు వాళ్లు పరిహారం కట్టాలి. దొరక్కపోతే 2022 పథకం కింద చావుకు 2 లక్షలు, పెద్ద గాయానికి 50,000. అంతటితో సరి. చదవడానికి రాని ప్లేటు ఆ ఇంటికి ఎంత ఖరీదో మీరే కూడుకోండి. ఆ ప్లేటు మీద మన సంఘం పేరుంటే ఆ ఇంటి ముందుకు మేం ఏ మొహంతో పోవాలి?

స్టిక్కర్లకని కొందరు పోగేసిన డబ్బు ఆదివారం ఎవరిది వాళ్లకు తిరిగిస్తాం. రసీదు తెచ్చుకోండి.