విదేశీ విద్యార్థి క్రీడాకారుల సంపాదన హక్కు కోసం

అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటూ సాకర్ (మనం ఫుట్‌బాల్ అనే ఆటకు అక్కడి పేరు) ఆడే విదేశీ విద్యార్థులకు, తమ పేరు మీద వచ్చే ఆదాయంలో తోటి ఆటగాళ్లకున్న హక్కే ఉండాలని, అందుకు ఆ దేశ కాంగ్రెస్ విద్యార్థి వీసా చట్టాన్ని సవరించాలని ఈ కరపత్రం కోరుతోంది.

కళాశాల క్రీడలను నిర్వహించే ఎన్‌సీఏఏ, విద్యార్థులు వాణిజ్య ప్రకటనల ద్వారా సంపాదించరాదన్న నిషేధాన్ని 2021 జులై 1న ఎత్తివేసింది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం ఒక్కో విశ్వవిద్యాలయం తొలి ఏడాది సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు ఆటగాళ్లకు నేరుగా పంచవచ్చు. అయితే ఎఫ్-1, అంటే విద్యార్థి వీసా మీద ఉన్నవారు చదువు సాగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించకుండా క్యాంపస్‌లో చేసే పని తప్ప, ప్రత్యేక అనుమతి లేకుండా మరే ఉద్యోగమూ చేయరాదు. అక్కడ చదువుతున్న తెలుగు విద్యార్థులకు ఈ నిబంధన కంఠతా వచ్చు. ప్రకటన కోసం ఫొటో దిగినా అది 'పని' కిందికి వచ్చి వీసాకే ఎసరు పెడుతుందేమోనన్న భయంతో చాలామంది ఆటగాళ్లు వచ్చిన అవకాశాన్ని వదులుకోవలసి వస్తోంది. కాంగో నుంచి వచ్చి కెంటకీ విశ్వవిద్యాలయం తరఫున బాస్కెట్‌బాల్ ఆడిన ఆస్కార్ షీబ్వే, 2022లో దేశంలోకెల్లా ఉత్తమ కళాశాల ఆటగాడిగా గుర్తింపు పొంది కూడా, ప్రకటనల పని కోసం జట్టు అమెరికా దాటి బహామాస్ పర్యటనకు వెళ్లేదాకా ఆగవలసి వచ్చింది.

సాకర్‌లో ఈ అన్యాయం మరింత బరువైనది. పై శ్రేణి పురుషుల జట్టుకు మొన్నమొన్నటి వరకు 9.9 ఉపకార వేతనాలే పరిమితి కావడంతో, వాటిని ఇరవై ముప్పై మంది ముక్కలుగా పంచుకునేవారు. మిగిలిన ఫీజు కుటుంబమే కట్టుకోవలసి వచ్చేది.

ఇలాంటి ఆటగాళ్లు ఆ దేశానికి ఏమిచ్చారో డార్లింగ్టన్ నాగ్బీ చరిత్ర చెబుతుంది. 1990లో లైబీరియా రాజధాని మన్రోవియాలో పుట్టి, అంతర్యుద్ధం కారణంగా పసితనంలోనే స్వదేశం విడిచి, పదకొండేళ్ల వయసులో క్లీవ్‌లాండ్ చేరిన అతడు, 2010లో యాక్రన్ విశ్వవిద్యాలయాన్ని జాతీయ విజేతగా నిలపడంలో ముఖ్యపాత్ర వహించి, ఉత్తమ కళాశాల ఆటగాడికిచ్చే హెర్మన్ ట్రోఫీ అందుకున్నాడు. మరుసటి ఏడాది కొత్త ఆటగాళ్లను క్లబ్బులు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో పోర్ట్‌లాండ్ అతణ్ని రెండో స్థానంలో తీసుకుంది. ఆ తొలి సీజన్‌లోనే, గాల్లో వచ్చిన బంతిని కింద పడనీయకుండా అదుపు చేసి కొట్టిన గోల్ ఆ ఏటి ఉత్తమ గోల్‌గా ఎంపికైంది. మూడు క్లబ్బులతో నాలుగు లీగ్ కప్పులు గెలిచిన ఈ ఆటగాడికి అమెరికా పౌరసత్వం 2015 సెప్టెంబరులో గాని రాలేదు. రెండు నెలలకే జాతీయ జట్టుకు ఆడాడు.

విద్యార్థి వీసా చదువు కోసమే గదా అన్న ఆక్షేపణ కొట్టిపారేయదగ్గది కాదు. కానీ హాజరు, మార్కుల షరతులు ఎలాగూ అమలులోనే ఉంటాయి. పేరు మీద వచ్చే సొమ్ము మరొకరి ఉద్యోగాన్ని లాక్కోదు, దాని మీద పన్నూ వస్తుంది. కనుక ఓటుహక్కు గల ప్రవాస తెలుగువారు తమ సెనెటర్లకు, ప్రతినిధుల సభ సభ్యులకు లేఖలు రాసి, ఇటువంటి ఆదాయాన్ని 'ఉద్యోగం' నిర్వచనం నుంచి మినహాయించే సవరణను ప్రతిపాదించవలసిందిగా అడగాలి.