కనిపించని నొప్పికి పరిహారం

ప్రశ్న: ఆటో ఢీకొని నా భర్త నడుముకు దెబ్బ తగిలింది. నాలుగు నెలలైంది. గాయం మానింది గాని నొప్పి తగ్గలేదు. కుట్టుమిషన్ ముందు అరగంట కూర్చోలేకపోతున్నారు. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. పరిహారం అడగడం సహనానికి విరుద్ధమని అత్తగారంటున్నారు. నిజమేనా?

జవాబు: సోదరీ! హక్కును కోరడం సహనానికి విరుద్ధం కాదు. క్షమించే అధికారం బాధితునిది. అతని తరఫున ఇంట్లోవారు క్షమించలేరు.

మచ్చ మిగలకుండా మానిన గాయం గురించి హనఫీ ఫిఖహ్‌లో పాత చర్చే ఉంది. ఇమామ్ అబూ హనీఫా పరిహారం లేదన్నారు. ఇమామ్ అబూ యూసుఫ్ అనుభవించిన నొప్పికి పరిహారం ఉందన్నారు. ఇమామ్ ముహమ్మద్ వైద్యుని రుసుము, మందుల ఖర్చు ఇప్పించాలన్నారు. వారు చర్చించింది మానిన గాయాన్ని; మీ వారి బాధ ఇంకా తీరనేలేదు.

మన దేశంలో మోటారు వాహనాల చట్టం (1988) 166వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేయాలి. 2022 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చిన సవరణ ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపు అంటోంది. మీకు మిగిలింది రెండే నెలలు. నొప్పి ఎక్స్‌రేలో కనబడదు గనుక ప్రతి చీటీ, ప్రతి బిల్లు, ఎఫ్.ఐ.ఆర్. నకలు భద్రపరచండి. వైకల్య శాతమే సంపాదన నష్టం కాదనీ, బాధితుడు చేసే పనిని బట్టి నష్టాన్ని లెక్కించాలనీ 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి కుట్టుపని ఎంత తగ్గిందో వివరంగా రాయించండి. ఉన్నంతే చెప్పండి, కొందరు పెంచి చెప్పమంటారు, అది ప్రమాణం చేసి చెప్పే మాట. వకీలు రుసుము భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి.